కాకిని తోలి, పిల్లికి తలుపు తీసి

శాస్త్రాల్లో పాత ఉదాహరణ ఒకటున్నది. “పెరుగును కాకులనుండి కాపాడు” అని చెప్పి ఇల్లాలు బయటికి వెళ్లింది. పిల్లి వస్తే ఊరుకోవచ్చునా? కూడదు. ‘కాకి’ అనే మాట అక్కడ పెరుగును పాడుచేసే సమస్తానికీ ఉపలక్షణం. పిల్లలకు ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ణి. మన చట్టం చదివాక మళ్లీ గుర్తొచ్చింది.

కాలం చెల్లిన వాహనాల మీద కేంద్రం చేసిన నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. పాత బండ్లను తుక్కు చేయించే బాధ్యత తయారీదారులదే అన్నందుకు సంతోషించాను. తీరా చూస్తే ఆ బాధ్యతకు కొలత ఉక్కు ఒక్కటే. తొలి అయిదేళ్ల లక్ష్యం 8 శాతం, అదీ ఉక్కులోనే. ఇక్కడ ఉక్కు ఉపలక్షణం కాదు, అక్షరార్థమే. సీట్లలోని ఫోముకు, రెగ్జినుకు లక్ష్యమే లేదు.

“బండి బరువులో సింహభాగం ఉక్కుదే కదా!” అంటారు. నిజమే. కానీ ఉక్కుకు చట్టం లేకపోయినా గిరాకీ ఉన్నది. పాత ఇనుము కొట్టువాడు దాన్ని ఏనాడు పారవేశాడు? చట్టం కావలసింది ఎవరికీ అక్కరలేని వస్తువుకు. ఫోము లారీ నిండా ఎక్కించినా తూకానికి రాదు, కిరాయి గిట్టదు. అందుకే లోపలి ఇనుప చట్రం కోసం సీటుకు నిప్పు పెడతారు. మైపాడు దారిలో అటువంటి మంటను కళ్లారా చూశాను. స్ప్రింగులు ఏరుకొని వెళ్లిపోయారు. నల్లని ముద్ద కాలువ గట్టున మిగిలింది. ఆ ఫోము పాలీయురిథేను. కాలితే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సైనైడు అనే విషవాయువులు పుడతాయి. కాలక మిగిలింది పొడిపొడియై, వాననీటితో కాలువలోకి, అక్కడనుండి సముద్రంలోకి చేరుతుంది.

మార్గం లేదా? ఉన్నది. ఈ ఫోమును మైనంలా కరిగించి తిరిగి పోతపోయలేము. కానీ మట్టీ తడీ లేకుండా విడదీస్తే, ముక్కలు చేసి, జిగురు కలిపి, గట్టిగా అదిమి దిమ్మలు చేయవచ్చు. పరుపుల దుకాణంలో ‘రీబాండ్’ అని అమ్మేది అదే. తొడుగు విప్పి ఫోము చెడకుండా తీయడం మన సీట్లు కుట్టేవారికి వెన్నతో పెట్టిన విద్య. ఆ శ్రమకు కూలి కట్టేవారే లేరు.

ఐరోపా సమాఖ్య 2000లో చేసిన శాసనం బండి మొత్తం బరువును లెక్కలోకి తీసుకుని, 2015 నుండి అందులో 85 శాతం తిరిగి వాడుకలోకి రావాలన్నది. మనమూ ఫోముకు వేరుగా లక్ష్యం పెట్టాలి. దాన్ని విడదీసే కూలి, తరలించే కిరాయి బండి చేసి అమ్మినవారే భరించాలి. అంతవరకు మనం కాపాడుతున్నది కాకికి అందని పెరుగునే; పిల్లి మాత్రం ఇంట్లోనే ఉన్నది.