సంతాప సందేశాల తర్వాత ఆ ఇంటికి ఏం మిగులుతుంది?

వీరాంపట్టినం: పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం దాటాక వచ్చే మత్స్యకార పల్లె ఇది. కోరమండల్ తీరంలోని ఇలాంటి ఊళ్లలో ఒక పాత కట్టుబాటు ఉంది. ఊళ్లో ఎవరైనా చనిపోతే ఆ రోజు పడవలు వేటకు వెళ్లవు. ఒక రోజు వేట మానుకోవడమంటే రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్లకు ఒక రోజు సంపాదన పోవడమే. అయినా ఊరు ఆగుతుంది. ఇక్కడ దుఃఖం మాటలతో సరిపోదు, ఊరంతా కొంత నష్టాన్ని పంచుకుంటుంది.

మాజీ ఆటగాళ్ల మరణాలకు మన దేశం స్పందించే తీరును ఈ కట్టుబాటు పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కబురు తెలిసిన గంటలోనే సంతాప ప్రకటనలు వస్తాయి. తర్వాతి మ్యాచ్‌కు ముందు నిమిషం మౌనం పాటిస్తారు. వారం తిరిగేసరికి ఆ కుటుంబం ఒంటరిగా మిగులుతుంది.

2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మహమ్మద్ హబీబ్ కన్నుమూశారు. వయసు 74. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆయన సభ్యుడు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఈ మూడు జట్లకూ ఆడిన హబీబ్‌ను కోల్‌కతా అభిమానులు ‘బడే మియా’ అని పిలుచుకున్నారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి ఆయనది. నివాళి వ్యాసాలన్నీ ఈ ఘనతలను గుర్తు చేశాయి. చివరి ఏళ్లలో ఆయన్ను డిమెన్షియా, పార్కిన్సన్స్ వ్యాధులు పీడించాయన్న సంగతి మాత్రం చాలా చోట్ల ఒక్క వాక్యంతో ముగిసింది.

నిజానికి ఆ వాక్యం దగ్గరే ఒక ప్రశ్న మొదలవ్వాలి. ఆస్ట్రేలియాలో ఒక కుటుంబం ఆ ప్రశ్న అడిగింది.

గ్రాహం ‘పాలీ’ ఫార్మర్ పశ్చిమ ఆస్ట్రేలియాలోని నూంగార్ ఆదివాసీ సమూహానికి చెందిన ఆటగాడు. పసితనంలోనే అనాథాశ్రమానికి చేరాడు. పోలియో వల్ల ఒక కాలు పొట్టిగా ఉండేది. అయినా కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో చేత్తో బంతి అందించే పద్ధతినే మార్చేశాడు. 1963లో గీలాంగ్ జట్టు టైటిల్ గెలవడంలో ఆయనది పెద్ద పాత్ర. పెర్త్‌లో ఒక ఫ్రీవేకు ఆయన పేరు పెట్టారు. ఏళ్ల తరబడి అల్జీమర్స్‌తో బాధపడి 2019 ఆగస్టు 14న, 84వ ఏట చనిపోయారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

కుటుంబం అక్కడితో ఆగలేదు. ఆయన మెదడును పరిశోధనకు దానం చేసింది. 2020 ఫిబ్రవరిలో ఫలితం బయటికొచ్చింది. తలకు పదేపదే దెబ్బలు తగలడంతో ముడిపడిన సీటీఈ అనే వ్యాధి ఆయన మెదడులో ఉందని తేలింది. ఆ ఆటలో అగ్రశ్రేణి లీగ్‌కు ఆడిన వారిలో ఈ వ్యాధి నిర్ధారణ అయిన తొలి వ్యక్తి ఆయనే. మెదడు కణాల్లో టావ్ అనే ప్రొటీన్ అసహజంగా పేరుకుపోవడం దీని లక్షణం. బతికి ఉండగా దీన్ని ఖాయంగా గుర్తించే పరీక్ష లేదు, మరణం తర్వాత మెదడును పరీక్షించాల్సిందే. అంటే దుఃఖంలో ఉన్న కుటుంబం ఒప్పుకుంటేనే ఈ విషయం బయటపడుతుంది. తలదెబ్బలపై ఆస్ట్రేలియా సెనెట్ 2023లో విచారణ పూర్తి చేసి నివేదిక ఇచ్చింది. అక్కడిదాకా చర్చ వెళ్లడంలో ఇలాంటి కుటుంబాల పాత్ర ఉంది.

మన ఆట వేరు, అక్కడ ఉన్నంత ఢీకొట్టుకోవడం ఇందులో ఉండదు కదా అనిపించవచ్చు. కానీ 2019లో గ్లాస్గో పరిశోధకులు స్కాట్లాండ్‌కు చెందిన 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులను సాధారణ జనంతో పోల్చి చూశారు. మెదడు క్షీణించే వ్యాధులతో మరణించే అవకాశం ఆటగాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. దీన్నిబట్టి హబీబ్ వ్యాధికి బంతిని తలతో కొట్టడమే కారణమని చెప్పలేం. ఒక వ్యక్తి విషయంలో అలా తేల్చడం తప్పు కూడా. అయితే ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి 2023లో డిమెన్షియా బారిన పడిన మాజీ ఆటగాళ్లు, వారి కుటుంబాల కోసం పది లక్షల పౌండ్ల నిధి ఏర్పాటు చేశాయి. కారణం పూర్తిగా తేలేదాకా సాయం ఆపాల్సిన పనిలేదని దీని అర్థం.

డబ్బు విషయానికొస్తే మన దగ్గర ఒక ఉదంతం మరచిపోలేనిది. సంతోష్ ట్రోఫీ ఆడిన, కోల్‌కతా పెద్ద క్లబ్బుల్లో డిఫెండర్‌గా రాణించిన కేరళ ఆటగాడు ఆర్. ధనరాజన్ 2019 డిసెంబర్ 29న పెరింతల్‌మన్నలో సెవెన్స్ మ్యాచ్ ఆడుతూ మైదానంలోనే కుప్పకూలి చనిపోయారు. ఆయన కుటుంబం కోసం నిధులు సేకరించేందుకు మరుసటి నెల పాలక్కాడ్‌లో మాజీ అంతర్జాతీయ ఆటగాళ్లతో మ్యాచ్ ఏర్పాటు చేశారు. మ్యాచ్ మొదలయ్యే ముందు తాత్కాలిక గ్యాలరీ కూలి పదుల మంది గాయపడ్డారు. అక్కడ చేరిన జనం ప్రేమను శంకించలేం. కానీ బీమా, పింఛను చేయాల్సిన పనిని టికెట్ల అమ్మకానికి వదిలేస్తే ఒక కుటుంబం కష్టం తీర్చబోయి మరికొన్ని కుటుంబాలు కష్టంలో పడే పరిస్థితి వస్తుంది.

కేంద్ర ప్రభుత్వ పింఛను పథకం ఉంది. 2018 సవరణ ప్రకారం ఆసియా క్రీడల కాంస్య విజేతకు నెలకు 12 వేల రూపాయలు వస్తాయి. కానీ ఆ తలుపుకు తాళంచెవి పతకమే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు అదే అత్యుత్తమం. పతకాల కొలతలో దాని విలువ సున్నా. ఇక రాష్ట్ర జట్టుకు ఆడి, ఆపై ఊరూరా టోర్నీల్లో ఆడుతూ ఇల్లు గడుపుకునేవారు ఈ లెక్కలోకే రారు.

డబ్బుతో పాటు మర్యాద అనేదీ ఒకటుంది. ఆస్ట్రేలియా ఆదివాసీల్లో చాలా సమూహాలు చనిపోయిన వారి పేరు పలకడం, బొమ్మ చూపడం కొంతకాలం మానుకుంటాయి. అందుకే అక్కడి టీవీ చానళ్లు ముందుగా హెచ్చరిక వేస్తాయి, పత్రికలు కుటుంబం అనుమతి అడుగుతాయి. ‘సారీ బిజినెస్’ అని పిలిచే ఈ సంతాప కాలంలో దూరపు బంధువులు సైతం పనులు మాని ఆ ఇంటికి చేరుతారు. కొన్ని సంస్థలు ఇందుకు సెలవు కూడా ఇస్తాయి. ఆసుపత్రి మంచం మీది ఫొటోను కుటుంబాన్ని అడగకుండానే పంచుకునే మనం, మీడియాతో సహా, ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉంది.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ సంఘాలు మాజీ ఆటగాళ్ల జాబితాను, వారి ఆరోగ్య వివరాలను సిద్ధం చేసుకోవచ్చు. టోర్నీకి అనుమతి ఇచ్చేముందు ఆటగాళ్లకు బీమా, మైదానంలో అంబులెన్స్ ఉన్నాయో లేదో చూడొచ్చు. పింఛను అర్హతలో పతకంతో పాటు ఆడిన ఏళ్లనూ లెక్కించాలని, ఆటగాడి తర్వాత భార్యకూ అందేలా చూడాలని కేంద్రాన్ని అడగొచ్చు. మెదడు పరిశోధనకు సమ్మతి తెలపాలనుకునే కుటుంబాలకు దారి చూపొచ్చు.

ఒక మత్స్యకారుడి కోసం ఊరు ఊరంతా ఒక రోజు సంపాదన వదులుకుంటుంది. దేశం కోసం ఆడిన మనిషి పోయినప్పుడు, ఆయన ఆటతో పేరు తెచ్చుకున్న సంఘాలూ క్లబ్బులూ ఏం వదులుకుంటున్నాయో ఆ కుటుంబాలను అడిగితే తెలుస్తుంది.