‘లోపలికి రాము’ అనగలిగే హక్కు

పండుగకు బట్టలు కొనడం మన ఇళ్లలో ఒక ఆనందం. క్రిస్మస్‌కు పిల్లలకు కొత్త గౌన్లు, ఈస్టరుకు తెల్ల చీర, సండే స్కూలు వార్షికోత్సవానికి అందరికీ ఒకే రంగు టీషర్టులు, బడి తెరిచే వేళకు కొత్త బూట్లు. కొట్లో బట్ట చేతికి తీసుకుని మనం మూడు సంగతులు చూస్తాం. రంగు వెలుస్తుందా, కొలత సరిపోతుందా, ధర ఎంత తగ్గిస్తారు. ఇలా అడగడంలో తప్పు లేదు. చాలీచాలని సంపాదన ఉన్న ఇల్లు బేరమాడకపోతే నెల గడవదు. అయితే మనం అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది. దీన్ని కుట్టిన మనిషి ఆ సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరిందా? ఈ వారం ఆ ప్రశ్న గురించే పాఠకులతో మాట్లాడదలిచాం.

2013 ఏప్రిల్ 24 ఉదయం బంగ్లాదేశ్ రాజధాని ఢాకా దగ్గరి సావర్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలిపోయింది. 1,134 మంది చనిపోయారు. సుమారు 2,500 మంది గాయపడ్డారు. వారిలో ఎక్కువమంది పల్లెల నుంచి పనికోసం వచ్చిన స్త్రీలు. ఆ భవనంలో ఐదు దుస్తుల కర్మాగారాలు ఉండేవి. అక్కడ కుట్టిన బట్టలు యూరప్, అమెరికా దుకాణాలకు వెళ్లేవి. కింది అంతస్తుల్లో ఒక బ్యాంకు, కొన్ని కొట్లు ఉండేవి.

ఇందులో మనం మరచిపోకూడని వివరం ఒకటుంది. భవనం కూలడానికి ముందు రోజే గోడల్లో, స్తంభాల్లో పగుళ్లు కనిపించాయి. బ్యాంకువారు తమ ఉద్యోగులను ఇంటికి పంపేశారు. కొట్లు మూసేశారు. మర్నాడు ఉదయం కుట్టుపని వారిని మాత్రం లోపలికి వెళ్లమన్నారు. వెళ్లకపోతే జీతం పోతుందని బెదిరించినట్టు బతికి బయటపడినవారు చెప్పారు. బ్యాంకు ఉద్యోగి, కుట్టు కార్మికురాలు ఇద్దరూ చూసింది ఒకే పగులు. ప్రమాదం ఉందని ఇద్దరికీ తెలుసు. ఒకరు ఇంటి దగ్గర ఉండగలిగారు, రెండోవారికి ఆ వీలు లేకపోయింది. అంతమంది చనిపోవడానికి నాసిరకం కట్టడం ఎంత కారణమో, ‘లోపలికి రాము’ అని చెప్పే హక్కు లేకపోవడం కూడా అంతే కారణం.

అప్పటికి తనిఖీలు లేక కాదు. ఆ భవనంలోని కొన్ని కర్మాగారాల్లో అంతకుముందు సామాజిక ఆడిట్లు జరిగాయి. అంతకంటే బాధాకరమైన ఉదాహరణ పాకిస్తాన్‌లోని కరాచీలో ఉంది. అక్కడ 2012 సెప్టెంబరు 11న ఒక దుస్తుల కర్మాగారం తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప చువ్వలు ఉన్నాయి, బయటికి వెళ్లే తలుపులు మూసి ఉన్నాయి. ఆ కర్మాగారానికి కొన్ని వారాల ముందే ఎస్‌ఏ 8000 అనే పేరున్న సర్టిఫికెట్ వచ్చింది. కార్మికుల భద్రత, హక్కులు బాగున్నాయని చెప్పే సర్టిఫికెట్ అది.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఇలాంటి తనిఖీలకు డబ్బు ఇచ్చేది చాలాసార్లు కర్మాగారం యజమాని, లేదా కొనుగోలు చేసే కంపెనీ. తనిఖీకి వచ్చినవారు అక్కడ గడిపేది ఒకటి రెండు రోజులు. నివేదిక కార్మికుల చేతికి రాదు. లోపం బయటపడినా సరిచేయించి తీరాలన్న బాధ్యత ఎవరి మీదా ఉండదు. ‘సామాజిక బాధ్యత’ అనే మాట కంపెనీ వార్షిక నివేదికలో ఒక అందమైన పేజీగా మిగిలిపోవడానికి కారణం ఇదే.

రానా ప్లాజా తర్వాత మొదటిసారి ఒక తేడా వచ్చింది. 2013 మే నెలలో బంగ్లాదేశ్ అగ్నిప్రమాద, భవన భద్రతా ఒప్పందం కుదిరింది. అకార్డ్ అని దానికి పేరు. ఒకవైపు అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు, బంగ్లాదేశ్ యూనియన్లు, మరోవైపు బట్టలు కొనే కంపెనీలు సంతకాలు చేశాయి. కాలక్రమంలో 200కు పైగా కంపెనీలు అందులో చేరాయి. సుమారు 1,600 కర్మాగారాలు, 20 లక్షల మంది కార్మికులు దాని కిందికి వచ్చారు. పాత ఆడిట్లకూ దీనికీ తేడా ఏమిటో గమనించండి. ఇది చట్టబద్ధంగా కట్టుబడాల్సిన కాగితం. తనిఖీదారులు స్వతంత్రులు. నివేదికలు అందరూ చూసేలా ప్రచురించారు. మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూడటం కొనే కంపెనీ బాధ్యత. మరమ్మతు చేయనన్న కర్మాగారంతో సంతకం చేసిన కంపెనీలేవీ వ్యాపారం చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రమాదం ఉందనిపిస్తే లోపలికి వెళ్లనని చెప్పే హక్కు కార్మికులకు రాతపూర్వకంగా దక్కింది.

ఆ కాగితానికి బలం ఉందని తర్వాత రుజువైంది. గడువులోగా మరమ్మతులు చేయించలేదని కార్మిక సమాఖ్యలు రెండు కంపెనీల మీద మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లాయి. వాటిలో ఒక కంపెనీ 2018 జనవరిలో 23 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. బాధిత కుటుంబాల పరిహారం సంగతి దీనికి పూర్తిగా భిన్నంగా నడిచింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ పర్యవేక్షణలో 3 కోట్ల డాలర్ల నిధి కావాలన్నారు. అది స్వచ్ఛందంగా ఇచ్చే విరాళం. ఆ మొత్తం పూర్తి కావడానికి 2015 జూన్ దాకా, అంటే రెండేళ్లకు పైగా పట్టింది. ఇష్టమైతే ఇచ్చేదానికీ, ఇచ్చి తీరాల్సినదానికీ ఉన్న దూరం ఇది.

‘భద్రతకు ఇంత ఖర్చు పెట్టిస్తే ఆర్డర్లు వేరే దేశానికి పోతాయి, ఆ పేద స్త్రీల పని కూడా పోతుంది’ అని చాలామంది అంటారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. పని లేకపోతే ఆకలి ఎలా ఉంటుందో మన సంఘాలకు తెలుసు. కానీ జరిగింది చూడండి. 2012-13లో బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతులు సుమారు 2,150 కోట్ల డాలర్లు. అకార్డ్ అమలైన తర్వాత, 2018-19 నాటికి అవి 3,400 కోట్ల డాలర్లు దాటాయి. భద్రత ఆ పరిశ్రమను చంపలేదు. జీతాల విషయంలో మాత్రం అంత మార్పు రాలేదు. కనీస వేతనం 2013లో 3,000 టాకాల నుంచి 5,300కు, 2023 చివరికి 12,500కు చేరింది. కార్మికులు అప్పుడు అడిగింది 23,000. ఆ ఆందోళనల్లో కార్మికులు ప్రాణాలు కూడా కోల్పోయారు. బట్ట చిల్లర ధరలో కుట్టినవారి కూలి మూడు శాతం దాటడం అరుదని కార్మిక హక్కుల సంస్థల అంచనా. వంద రూపాయల్లో మూడు రూపాయలు. ఆ కూలి రెట్టింపైనా కొనేవాడి ఇల్లు కూలిపోదు.

కర్మాగారం లోపల కార్మికురాలికి లేని ఆ మాట, బయట నీళ్ల పక్కన బతికే రైతుకు కూడా లేదు. మనకు దగ్గరలోనే పాలారు ఉంది. కర్ణాటకలో పుట్టి, చిత్తూరు జిల్లా మీదుగా తమిళనాడులోకి వెళ్లే నది అది. అక్కడి వేలూరు ప్రాంతంలో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పట్టణాలు తోలు పరిశ్రమకు, చెప్పులు, బూట్ల తయారీకి పేరుపొందాయి. తోలు శుద్ధి చేసిన నీరు భూమిలోకి, నదిలోకి వెళ్లి సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతమేరకో పనికిరాకుండా పోయిందని సుప్రీంకోర్టు 1996 ఆగస్టు నాటి తీర్పులో నమోదు చేసింది. కలుషితం చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రాన్ని ఆ కేసులోనే గట్టిగా చెప్పింది. మళ్లీ 2025 జనవరిలో అదే ప్రాంతపు తోలు కాలుష్యం మీద, అదే నష్టపరిహారం మీద సుప్రీంకోర్టు మరో తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. మధ్యలో 28 ఏళ్లు గడిచాయి. తీర్పు ఎంత మంచిదైనా, అమలును రోజూ అడిగే గొంతు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు.

ఇదంతా ఎక్కడో దూరాన జరిగే సంగతి కాదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో వేలమంది స్త్రీలు ఎగుమతి దుస్తులు కుడుతున్నారు. తిరుపతి జిల్లా తడ దగ్గర క్రీడా బూట్లు తయారవుతున్నాయి. వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఎదుగుతోంది. తెల్లవారకముందే క్యారేజీ కట్టుకుని కంపెనీ బస్సెక్కే ఆడబిడ్డల్లో మన సంఘాల పిల్లలూ ఉన్నారు. ఆ జీతంతో తమ్ముడి చదువు సాగుతోంది, ఇంటి అప్పు తీరుతోంది. ఈ పని వారికి మేలు చేసిందని మేము నమ్ముతున్నాం. అందుకే అది క్షేమంగా ఉండాలని కోరుతున్నాం. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అచ్యుతాపురం సెజ్‌లో విషవాయువు వ్యాపించి వందలమంది కుట్టు కార్మికురాళ్లు ఆసుపత్రుల పాలయ్యారు. మొదటిసారి జరిగాక రెండోసారి పనికి వెళ్లేముందు ‘కారణం తేలేదాకా రాము’ అని చెప్పగలిగిన వారు ఎంతమంది ఉంటారు?

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత అవసరం. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కర్మాగారాల్లో రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. స్త్రీలను వారి సమ్మతితో రాత్రి షిఫ్టులో పెట్టుకోవచ్చని చెప్పింది. సమ్మతి అనే మాట బాగుంది. కానీ కాదంటే పని పోతుందనే భయం ఉన్నచోట పెట్టిన సంతకాన్ని సమ్మతి అనలేం. అటు యూరప్‌లో కూడా గాలి మారుతోంది. తమకు సరుకు అందించే కర్మాగారాల్లో జరిగే అన్యాయానికి పెద్ద కంపెనీలే జవాబు చెప్పాలన్న చట్టాన్ని యూరోపియన్ యూనియన్ 2024లో చేసింది. 2025 ఏప్రిల్‌లో, అంటే రానా ప్లాజా కూలిన సరిగ్గా పన్నెండేళ్లకు, దాని అమలును వాయిదా వేసింది.

ఆశ లేకపోలేదు. తమిళనాడులోని దిండిగల్ ప్రాంతంలో 2021 జనవరిలో దుస్తుల కర్మాగారంలో పనిచేసే ఒక దళిత యువతి హత్యకు గురైంది. ఆమె సూపర్‌వైజరును పోలీసులు అరెస్టు చేశారు. దళిత స్త్రీలు నడిపించే ఒక చిన్న యూనియన్ ఆ కుటుంబం పక్షాన నిలబడింది. 2022లో తయారీదారుతో, మూడు అంతర్జాతీయ కంపెనీలతో దిండిగల్ ఒప్పందం కుదిరింది. పనిచోట స్త్రీల మీద వేధింపులను గమనించి చెప్పడానికి కార్మికుల్లోంచే కొందరికి శిక్షణ ఇచ్చారు. చెప్పినందుకు వారి మీద పగ తీర్చుకోకూడదని రాసుకున్నారు. పెద్ద చదువులు లేని స్త్రీలు ఇంతపని సాధించారు.

దేవుని వాక్యానికి ఈ విషయం కొత్త కాదు. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఇంటి యజమానిదే. పడినవాడు జాగ్రత్తగా నడవలేదన్న సాకు అక్కడ చెల్లదు. అది యజమాని ఇష్టానికి వదిలేసిన పుణ్యకార్యమూ కాదు, ఆజ్ఞ. ఇక ఆమోసు ప్రవక్త తన కాలపు వ్యాపారుల మీద మోపిన నేరం ఏమిటో గుర్తుందా? చెప్పుల జత కోసం బీదవాణ్ణి అమ్ముకున్నారని. ఆ చెప్పుల జత ధర ఈరోజు మన రసీదు మీద కూడా ఉంది.

మరి సంఘంగా మనం ఏం చేయగలం? మూడు పనులు మనవి చేస్తున్నాం. మొదటిది, గాయకబృందానికో, యువజన కూటానికో, విద్యాసంస్థలకో ఒకేసారి వందల బట్టలు కొనేటప్పుడు ఎక్కడ కుట్టారు, ఎంత కూలి ఇచ్చారు అని అడుగుదాం. వందల బట్టలు కొనే చోట మన ప్రశ్నకు విలువ ఉంటుంది. మన వీధిలో కుట్టే సహోదరికి ఇవ్వాల్సిన కూలి పండుగ దాటాక కాదు, బట్ట తీసుకున్న రోజే ఇద్దాం. రెండోది, కర్మాగారాల దగ్గరున్న సంఘాల స్త్రీల కూటాల్లో ఒక సాయంత్రం చట్టం చెప్పించండి. అదనపు గంటలకు రెట్టింపు కూలి ఉందని, పదిమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని, ఈఎస్‌ఐ కార్డు తమ హక్కని చాలామందికి ఎవరూ చెప్పలేదు. మూడోది, యూనియన్‌లో చేరిన అమ్మాయిని గొడవమనిషి అని చూడటం మానుకుందాం. ఆమె కట్టమంటున్నది పిట్టగోడే.

రానా ప్లాజా గోడ మీద పగులు చూసిన రాత్రి ఎన్నో ఇళ్లలో భార్యాభర్తలు, తల్లీకూతుళ్లు ‘రేపు వెళ్లాలా’ అని మాట్లాడుకుని ఉంటారు. వారి వెనుక ఎవరైనా నిలబడి ఉంటే ఆ ఉదయం వారు ఇంటి దగ్గరే ఉండేవారు. మన సంఘంలో ఏదో ఒక ఇంట్లో ఈ రాత్రి ఒక ఆడబిడ్డ అదే మాట అడుగుతూ ఉండవచ్చు. ‘వెళ్లవద్దులే అమ్మా, మేమున్నాం’ అని ఆమెతో అనగలిగే సంఘంగా మనం ఉన్నామా?