అక్షరాలు నేర్పుతారా, అయ్యగారూ?



కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక పల్లె సంఘములో ఉండగా, ఆరాధన ముగిసిన తరువాత అరవై దాటిన ఒక మామ్మగారు మా యొద్దకు వచ్చి, గొంతు తగ్గించి, "అయ్యగారూ, నాకు అక్షరాలు నేర్పుతారా?" అని అడిగారు. ఆమె ప్రతి ఆదివారము బైబిలును తెల్లని గుడ్డలో చుట్టి తెచ్చుకొనేవారు. వాక్యము చదువునప్పుడు అందరితోపాటు తెరచి పట్టుకొనేవారు. ఆమెకు చదువు రాదని ఆనాడే మాకు తెలిసింది.

మేము నవ్వి, "ఈ వయసులో ఆ శ్రమ ఎందుకమ్మా? మేము చదివి వినిపిస్తాము గదా!" అన్నాము. ప్రేమతోనే అన్నాము. ఆమె "అవునులెండి" అని వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు ప్రార్థన కొరకు వారి ఇంటికి వెళ్లాము. అరుగుమీద మామ్మగారు, మూడవ తరగతి చదివే మనుమరాలు కూర్చొని ఉన్నారు. మమ్మును చూడగానే ఆమె చేతిలోని పలకను గబుక్కున కొంగు చాటున దాచుకొన్నారు. ఆ దాచుకొనుట మా గుండెలో గుచ్చుకొన్నది. మనుమరాలి ఎదుట తప్పులు వ్రాయుటకు జంకని ఆమె, మా ఎదుట జంకారు. ఆ జంకు మా నవ్వు పెట్టినదే. ఆ అరుగుమీదనే కూర్చొని, "క్షమించండమ్మా" అన్నాము.

పెద్దవయసులో కావలసిన ధైర్యము ఇటువంటిదే. ఇంట్లో అందరికీ బుద్ధులు చెప్పిన నోటితో, "నాకు రాదు, నేర్పు" అని చిన్నవారిని అడుగుట తేలిక కాదు.

కేరళ రాష్ట్రములో కార్త్యాయని అమ్మ అను వృద్ధురాలు ఆలయములలో ఊడ్చే పని చేసి బ్రదికారు. 2018లో, 96 ఏళ్ల వయసులో, అక్షరాస్యత పరీక్ష వ్రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకొన్నారు. 2020లో రాష్ట్రపతి చేతులమీదుగా నారీ శక్తి పురస్కారము అందుకొన్నారు. 2023లో కన్నుమూశారు. మన గ్రంథములో కాలేబును చూడండి. 85 ఏట విశ్రాంతి అడుగక, బలవంతులు కాపురమున్న కొండసీమను అడిగాడు. హెబ్రోను అతనికి స్వాస్థ్యమైనది. యెహోషువ 14వ అధ్యాయము ఈ నెల ఇంటిల్లిపాదీ చదువుకొనండి.

చదువు నేర్చుకొనగోరే పెద్దలకు మామ్మగారి పద్ధతి చెప్పుచున్నాము. మొదట కళ్లు పరీక్ష చేయించుకొన్నారు. శుక్లములుంటే పలకమీద తప్పు మనది కాదు గదా! తరువాత తన పేరులోని అక్షరములు నేర్చుకొన్నారు. ఆపైన నోటికి వచ్చిన 23వ కీర్తన తెరచి, మెల్లగా చెప్పుకొనుచు ఒక్కొక్క మాట మీద వ్రేలు పెట్టేవారు. తెలిసిన మాట కనుక అక్షరము త్వరగా పట్టుబడింది. దినమునకు పావుగంట మాత్రమే, కాని ఒక్క దినమూ మానలేదు.

మరుసటి సంవత్సరము ఒక ఆదివారము ఆమె లేచి ఆ కీర్తనను సంఘమునకు చదివి వినిపించారు. రెండుచోట్ల ఆగారు. మనుమరాలు అందించబోతే, "ఉండవే, నేనే చెబుతాను" అన్నారు.

మీ ఇంట్లో పెద్దవారు ఏదైనా నేర్చుకొంటామంటే, మావలె "ఎందుకు" అనకండి. ప్రక్కన కూర్చొనండి. పెద్దలారా, పలకను కొంగు చాటున దాచకండి.