దుమ్మును చూసి ఫిల్టరు కొనాలి

గట్టుదారి - సీమవాసి

ఆఫ్‌రోడ్ బైకు అనగానే కుర్రకారు కళ్లముందు హిమాలయనో ఎక్స్‌పల్సో మెదులుతుంది. మైదుకూరు చుట్టుపక్కల మాత్రం ఆ పేరుకు అసలు హక్కుదారు టీవీఎస్ ఎక్సెల్. రెండు యూరియా మూటలు, వాటిమీద గడ్డిమోపు, ఆ మోపును ఒక చేత్తో పట్టుకున్న రైతు. కేసీ కాలువ గట్టు మీద, పసుపు చేల నడుమ బాటల్లో, కుందూ ఇసుకలో ఆ బండి ఏడాది పొడుగునా తిరుగుతుంది. దాని తర్వాతి స్థానం స్ప్లెండరుది. ఈ రెంటికీ ఎవరూ ర్యాలీ స్టిక్కర్లు అంటించరు, అంతే తేడా.

అందుకే ఈ వారం గాలి ఫిల్టరు గురించి రాస్తున్నాను. లక్షలు పోసి ఎక్స్‌పల్స్ కొన్న డిగ్రీ కుర్రాడికీ, పాత ఎక్సెల్ మీద పాలక్యాన్లు వేసుకుపోయే పెద్దాయనకూ పనికొచ్చే సంగతి ఇది.

కుర్రవాళ్లు మెకానిక్ షెడ్డులో అడిగే ప్రశ్న ఒకటే. "ఏ ఫిల్టరు వేస్తే పికప్ పెరుగుతాదన్నా?" ప్రశ్నలోనే తిరకాసు ఉంది. బండిని బట్టి, పికప్‌ను బట్టి, సౌండును బట్టి ఫిల్టరు కొంటున్నారు. బండి రోజూ తిరిగే దారిలో లేచే దుమ్మును బట్టి కొనాలి. మన దారులకు నూనె పట్టించిన స్పంజి ఫిల్టరు కావాలి, లేదా బండితో వచ్చిన కంపెనీ కాగితం ఫిల్టరే ఉంచుకోవాలి. వేలు పోసి కొనే రేసు ఫిల్టరు ఇక్కడ దండగ. ఎందుకంటున్నానో లెక్కతో చెబుతాను.

పెట్రోలు కిలో మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోకు కొంచెం తక్కువ. అంటే లీటరు కాలేసరికి 9,000 లీటర్ల పైచిలుకు గాలి ఇంజను లోపలికి పోతుంది. ఫిల్టర్లను పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అని ఒక ప్రమాణం ఉంది. అందులో ఘనమీటరు గాలికి గ్రాము దుమ్ము కలిపి ఫిల్టరు మీదికి వదులుతారు. ముందు పోయే ట్రాక్టరు ట్రాలీ కనపడనంత దుమ్మన్నమాట. ఆ దుమ్ములో లీటరు పెట్రోలు కాల్చామంటే తొమ్మిది గ్రాముల మన్ను ఫిల్టరు దాకా వచ్చినట్టు. నూటికి 99.5 వంతులు ఆపే ఫిల్టరు ఉంటే అందులో 0.045 గ్రాము లోపలికి జారుతుంది. 97 వంతులు ఆపేదైతే 0.27 గ్రాము. డబ్బా మీద చూస్తే 97కూ 99.5కూ పెద్ద తేడా కనపడదు. సిలిండరులోకి పోయే మన్ను మాత్రం ఆరు రెట్లు.

ఇక మన దుమ్ము సంగతి. మైదుకూరు నుంచి పడమరగా ప్రొద్దుటూరు దాటి ఎర్రగుంట్ల వైపు పోతే నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు లారీలు. వేపచెట్లు కూడా తెల్లగా పొడి పూసుకొని నిలబడతాయి. చూడటానికి ఇంతకంటే భయంకరమైన దుమ్ము ఉండదనిపిస్తుంది. కాని అది ఎక్కువగా సున్నపురాయి పొడి. ఖనిజాల గట్టితనం కొలిచే మోస్ కొలతలో సున్నపురాతి స్థానం 3. తూర్పున వనిపెంట దాటి నల్లమల కొండదారి పట్టండి. దుమ్ము పల్చగా, ఎర్రగా, పెద్ద లెక్కలోది కాదన్నట్టు ఉంటుంది. ఆ కొండల్లో ఉన్నది పలుగురాయి జాతి. దాని గట్టితనం 7. సిలిండరు ఇనుము ఈ రెంటికీ నడుమ ఉంటుంది. తెల్ల దుమ్ము ఫిల్టరును మూసేసి బండిని ఆయాసపెడుతుంది. ఎర్ర దుమ్ము ఫిల్టరు దాటితే ఇంజనునే అరగదీస్తుంది. కంటికి ఆనని 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులే ఎక్కువ చేటు చేస్తాయి. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే అవెంత సన్నమో ఊహించుకోవచ్చు. పిస్టన్ రింగుకూ సిలిండరు గోడకూ మధ్య ఉండే నూనె పొరలో దూరడానికి సరిపోయిన సైజు అది.

దువ్వూరు, చాపాడు పక్క నల్లరేగడి దుమ్ము మరో రకం. గట్టిది కాదు, మరీ మెత్తన. కాగితం మడతల్లో పిండిలా కూరుకుపోతుంది. దానికి తోడు వరికోత మిషను ఎగదోసే పొట్టు, పసుపు పాలిష్ పట్టేటప్పుడు లేచే పొడి. సుగ్గి కాలంలో కళ్లాల చుట్టూ తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క చెల్లదు. దుమ్ములో తిరిగితే ఇంకా ముందే చూసుకోండని ఆ పుస్తకంలోనే ఒక మూల రాసి ఉంటుంది, మనం చదవం.

రేసు ఫిల్టరు అని అమ్మేది నూలుబట్ట ఫిల్టరు. జాలీల మధ్య నూలుగుడ్డ పొరలు పెట్టి ఎర్రనూనె పట్టిస్తారు. దీన్ని జగమంతా తిప్పిన కె అండ్ ఎన్ కంపెనీ 1969లో అమెరికాలో పుట్టింది. కడిగి మళ్లీ వాడుకోవచ్చు, గాలి ధారాళంగా ఆడుతుంది, తారురోడ్డు మీద హాయిగా పనిచేస్తుంది. గాలిని అంత సులువుగా వదిలేది సన్న దుమ్మునూ కాస్త సులువుగానే వదులుతుంది. హైవే మీద నంద్యాల పోయి వచ్చేవాడికి ఫరవాలేదు. గట్టు మీద తిరిగేవాడికి వద్దంటాను. వంద సీసీ, రెండొందల సీసీ బండిలో ఒక్క ఫిల్టరు మార్చినంత మాత్రాన వచ్చే పికప్ అద్దం బిగించినా, తీసేసినా వచ్చే తేడా పాటిది.

కాగితం ఫిల్టరు సన్న దుమ్మును బాగా ఆపుతుంది. తడిస్తే మాత్రం పని అయిపోయినట్టే. వాన కాలంలో చప్టా మీద మోకాటి లోతు నీళ్లలో బండి దించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇప్పటి కమ్యూటర్ బండ్లలో చాలావాటికి వచ్చేది జిగట నూనె పట్టించిన కాగితం. దాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు, నిండితే పారేసి కొత్తది వేయాలి. మన షెడ్లలో జరిగేది వేరు. ఫిల్టరు బయటికి తీస్తారు, బండకేసి నాలుగు దెబ్బలు కొడతారు, పంక్చరు అంగడి కంప్రెసరుతో బుస్సున గాలి పెడతారు, "కొత్త దాని మాదిరి అయిపోయిందిబ్బా" అంటారు. రంగు తేలిన మాట నిజమే. ఆ గాలి దెబ్బకు కాగితం రంధ్రాలు పెద్దవవుతాయి, జిగట పోతుంది, మడతల అంచున జిగురు వీడుతుంది. ఫిల్టరు ఖరీదు మిగిల్చి ఇంజను ఖర్చు నెత్తిన పెట్టుకోవడం ఇది.

స్పంజి ఫిల్టరును మనవాళ్లు పాత సరుకని చిన్నచూపు చూస్తారు. పాత మోపెడ్లలో చాలావాటికి అదే ఉండేది. ప్రపంచంలో మట్టిట్రాకుల మీద పోటీపడే మోటోక్రాస్ బండ్లకు నేటికీ అదే. కాగితం దుమ్మును పైపొర మీద ఆపితే, స్పంజి తన మందమంతా వాడుకొని లోపల లోపల పట్టుకుంటుంది. పట్టుకునేది స్పంజి కాదు, అందులోని నూనె. పొడి స్పంజి వేసుకొని తిరగడమూ ఫిల్టరు లేకుండా తిరగడమూ ఇంచుమించు ఒకటే.

కడిగే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పెట్రోలు వాడొద్దు. అతుకుల దగ్గర జిగురు కరుగుతుంది, నిప్పంటుకునే ప్రమాదం సరేసరి. కిరోసిన్‌లో ముంచి అరచేతుల మధ్య అదమాలి. చీర పిండినట్టు మెలిపెడితే చిరుగుతుంది. తర్వాత సబ్బునీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు, నీడన ఆరబెట్టడం. పూర్తిగా ఆరిందాకా ఆగాలి, తడి ఉన్నచోట నూనె పట్టదు. ఆపైన నూనె పోసి, రంగు అన్నివైపులా సమంగా వచ్చేదాకా పిసికి, ఎక్కువైంది అదిమి తీసేయాలి. వేలితో తాకితే అంటుకోవాలి, బొట్టు కారకూడదు. ఇందుకోసం జిగటగా ఉండే ఫిల్టరాయిలు వేరే దొరుకుతుంది. మామూలు ఇంజనాయిలు వేస్తే నాలుగు రోజుల్లో కిందికి జారి పైభాగం ఎండిపోతుంది. ఏమీ దొరకనప్పుడు కొత్త ఇంజనాయిలు నయం. షెడ్డులో డబ్బాలో పోగైన వేస్టాయిలు మాత్రం వద్దు. అందులో ఇనుపరజనూ, ఆమ్లాలూ ఉంటాయి, స్పంజి పొడిపొడిగా రాలిపోతుంది.

ఎంత మంచి ఫిల్టరైనా దాని అంచు పెట్టెకు ఆనుకొని కూర్చోకపోతే వృథా. గాలి ఎప్పుడూ సందు దొరికిన దారినే పోతుంది. డూప్లికేటు సరుకు దొరికిపోయేది ఇక్కడే. మడతలు ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా ఉంటాయి, రబ్బరు అంచు గట్టిగా, వంకరగా ఉంటుంది, గోరుతో గీకితే జిగురు ఊడుతుంది. బిగించే ముందు అంచుకు సన్నగా గ్రీజు రాయండి. వంద కిలోమీటర్లు తిరిగాక మూత తీసి, ఫిల్టరు దాటాక ఇంజను వైపు పోయే గొట్టంలో తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు మన్ను అంటిందంటే ఫిల్టరు ఏ కంపెనీదైనా మీ బండికి పనికిరానట్టే. సౌండు కోసం ఫిల్టరు పెట్టెకు బెజ్జాలు కొట్టే వీరులకు నేను చెప్పేదేం లేదు. నీలిపొగ కొట్టి, ఆయిలు తాగి, ఇంజను బోరుకొచ్చిన రోజు మెకానిక్కే చెబుతాడు.

ట్రాక్టరు ఉన్న రైతుకు ఇవన్నీ కొత్త కాదు. చాలా ట్రాక్టర్లకు ఆయిల్‌బాత్ ఫిల్టరు ఉంటుంది. దానికి ముందు గాలిని గిర్రున తిప్పి పెద్ద రేణువులను గాజు గిన్నెలో రాల్చే ఏర్పాటూ ఉంటుంది. ఆ గిన్నె నిండితే ఖాళీ చేస్తాడు, నూనె బురదైతే మారుస్తాడు. అదే మనిషి ఎక్సెల్ ఫిల్టరు ఎక్కడుందో చూసి ఉండడు! మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీలు మన పొలాల్లో ఇంకా అరుదు. 2019లో పొలారిస్ కంపెనీ తన స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టరుగా రిజిస్టరు అయ్యేలా మన దేశంలోకి తెచ్చింది. కొన్నవాళ్లు దాన్ని ట్రాక్టరులాగే చూసుకుంటే చాలు. తన టైర్లు లేపిన దుమ్మును తానే పీల్చే బండి అది. ర్యాలీ పిచ్చి ఉన్న కుర్రవాళ్లకు ఒక మాట. డాకర్ ర్యాలీని 2015లో తొలిసారి పూర్తిచేసిన భారతీయుడు సీఎస్ సంతోష్, 2024లో ర్యాలీ-2 తరగతిలో మొదట నిలిచిన హరిత్ నోవా నడిపింది ఇసుక ఎడారుల్లో. అలాంటి ర్యాలీ బండ్లకు పరుగు అయ్యాక ఫిల్టరు చూడకుండా మర్నాడు కిక్ కొట్టరు. అనుకరించాలంటే అది అనుకరించండి. ఆఫ్‌రోడ్ పేరు చెప్పి లంకమల అభయారణ్యంలోకి బండ్లు తోలడం మాత్రం మానండి. ఇక లేదనుకున్న కలివికోడి పిట్ట 1986లో మళ్లీ కనబడింది ఆ ముళ్లపొదల్లోనే.

బండి కంపెనీలు ఊళ్లలో సర్వీసు క్యాంపులు పెడుతుంటాయి. ఉచిత వాటర్‌వాష్ అని బోర్డు కడతారు. ప్రెషరు పైపుతో సీటు కింద, సైడు డోము సందుల్లో నీళ్లు కొడతారు, ఆ నీళ్లు నేరుగా ఫిల్టరు పెట్టెలోకి పోతాయి. కాగితం ఫిల్టరు ఉన్న బండి తళతళలాడుతూ ఇంటికొచ్చి మర్నాడు స్టార్టు కాదు. ఈసారి సుగ్గికి వచ్చే డీలర్లు ఆ బోర్డు పక్కన పెట్టి, స్పంజి ఫిల్టరున్న బండికి ఉచితంగా ఆయిలు పట్టించి, కాగితం ఫిల్టరున్న బండికి సగం ధరకు కొత్తది వేయించాలి. టౌనులో ఎల్‌ఈడీ లైట్లూ, సౌండు సైలెన్సర్లూ వేలాడదీసిన అంగళ్లకు లెక్కలేదు. ఫిల్టరాయిలు అడిగితే "ప్రొద్దుటూరు నుంచి తెప్పియ్యల్ల సార్" అంటారు. తెప్పించి పెట్టండి, అడిగేవాళ్లం మేమున్నాం.