తెరమీది తీర్పరులు

మనుబోలు రైతు కోడెలజతను కొనబోవునపుడు పండ్లును, సుడులును, నడకయు నెఱిగినవానిని వెంట గొనిపోవును. ఊరి నాటకములో రాజువేషము చక్కగా గట్టినవానిని గొనిపోడు. ఆ వేషధారియందు గౌరవము లేక కాదు; పద్యము వేరు, పశువు వేరు అని యెఱుగును గనుక. బ్రెజిలు దేశమువారు నేటికిని తమ పశుజాతి నొకదానిని నెల్లూరు పేరుతోనే పిలుచుచున్నారు. ఆ రైతునకు గల వివేకము మన టెలివిజను సంస్థలకు లేకపోయెనే యని మా విచారము.

ఏ పోటీ కార్యక్రమమునైనను చూడుడు. పీఠముమీద గూర్చుండువారిని ఏ కొలతతో ఎంచుచున్నారు? ముఖము జనులకు తెలిసినదా, వారము వారము వచ్చు రేటింగు పెరుగునా, విడుదల కాబోవు చిత్రమునకు ప్రచారము జరుగునా? ఇవియే కొలతలుగా గనబడుచున్నవి. 'జబర్దస్త్' 2013లో మొదలైనపుడు నాగబాబుగారును రోజాగారును తీర్పరులైరి. రోజాగారు 2014లో నగరి శాసనసభ్యురాలైన పిదపను ఆ పీఠమును వదలలేదు. 2022లో మంత్రిణి యైనపుడు గాని దిగలేదు. కాని నవ్వించినవానికి మార్కు వేయుటలో లోకమునకు గలుగు నష్టము స్వల్పము. దానిపై మాకు జగడము లేదు.

పాట విషయమున మన జిల్లా చూచిన ప్రమాణము వేరు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఇల్లుగల హరికథకులు సాంబమూర్తిగారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యముగారు 1996లో ఈటీవీ 'పాడుతా తీయగా' వేదిక నెక్కిరి. ఆయన మార్కు చెప్పి యూరకుండువారు కారు. శ్రుతి యెక్కడ జారినదో, అక్షర మెక్కడ నలిగినదో పాడి చూపువారు. ఆయనకు 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో తొలి అవకాశ మిచ్చినవారును సంగీత మెఱిగిన కోదండపాణిగారే. బాలుగారు 2020 సెప్టెంబరులో గతించిరి. ఆ కార్యక్రమముననే 2025 ఏప్రిలులో ఒక యువగాయని తీర్పరులపై పక్షపాత దోషము మోపెను. వారిలో నొకరు దానిని బహిరంగముగా ఖండించిరి. సత్య మెవరిదో మేము నిర్ణయింపము. పాట నోడినవారు మరల పాడవచ్చును.

మా యసలు ఆక్షేపణ కాపురములను గూర్చి. జీ తెలుగులో 'బతుకు జట్కా బండి', జెమినిలో 'రచ్చబండ' యను కార్యక్రమములు నడచినవి. ఆలుమగల తగవులను, అనుమానములను, కన్నీటిని కెమెరాల ముందు బెట్టి విచారించిరి. మొదటిదానిలో సుమలతగారును తరువాత జీవితగారును, రెండవదానిలో రోజాగారును పెద్దరికము వహించిరి. మువ్వురును ప్రసిద్ధ నటీమణులు. వారి నటనను మేమును మెచ్చినవారమే. కాని ఆ పీఠము వారికి వెండితెర పేరువలన దక్కిన దనుటకు సందేహ మేల? ప్రక్కన ఒక వకీలును గూర్చుండబెట్టినను చూపరుల కన్ను తారమీదనే యుండును. ఆ జెమినివారే 2021లో 'మాస్టర్‌చెఫ్' తెలుగున నడపినపుడు సంజయ్ తుమ్మ, చలపతిరావు, మహేశ్ పడాల అను వంట నెఱిగినవారిని దెచ్చిరి. చేపలపులుసులో ఉప్పు చూచుటకు విద్య కావలె నట. పదేండ్ల కాపురమును తూచుటకు తెలిసిన ముఖము చాలు నట!

వారు తమంత తామే వచ్చిరి గదా యని సంస్థలవారు వాదింతురు. కోర్టు మెట్లకు భయపడి, తార నోట తన పక్షమున నొక మాట వినవలెనని బండి యెక్కిన పేద యిల్లాలి సమ్మతి యెంతటిది? తీర్పు ముగియగానే తార మరియొక చిత్రీకరణకు పోవును. ఈమె మాత్రము రైలు దిగి, తన కథ నింటింట చూచిన వీధిలోనే నడచి యిల్లు చేరవలెను. పాత రచ్చబండలలో కులపక్షపాతము, స్త్రీలయెడ చిన్నచూపు లేవని మే మనము. అయినను అచట తప్పుతీర్పు చెప్పిన పెద్ద మరునాడు ఆ యింటివారి ముఖమే చూడవలసియుండెడిది. ఈ నూతన రచ్చబండకు ఆ బాధ్యతయు లేదు.

1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము ఉభయులలో నెవరు కోరినను విచారణ మూసిన తలుపుల వెనుక జరుపవలె ననుచున్నది. రాజీకి యత్నించుట న్యాయస్థానమునకు విధిగా జేసి, సలహాదారులను నియమింప జెప్పినది. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము గలదు. ఈ మాటను తారలచేత ప్రతిదినము చెప్పించియుండినచో నెంత మేలు జరిగియుండెడిది! తమిళమున ఇట్టిదే యగు 'సొల్వదెల్లాం ఉణ్మై' కార్యక్రమమును 2018లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము కొంతకాలము నిలిపివేసినది.

కావున సమాచార ప్రసార మంత్రిత్వశాఖవారు 1994 నాటి కేబులు నిబంధనలలో ఈ మూడు షరతులను జేర్పవలెను. కుటుంబ తగవు విచారించువారి చదువును, అనుభవమును, వారిని ఎంచినవారి పేరును తెరమీద వ్రాసి చూపవలెను. వచ్చినవారు ఏకాంతమున న్యాయవాదితో మాటలాడిన పిదప గాని కెమెరా తిరుగరాదు. ప్రసారమునకు ముందు మనసు మార్చుకొన్నవారి చిత్రమును, కారణ మడుగక, చెరిపివేయవలెను.