విహారయాత్రకు పద్దు

సెలవులు దగ్గరపడుతున్నవంటే మన చాళ్లలో ఏటా ఒక తగాదా లేస్తుంది. యువజనులకు థీమ్ పార్కుకు పోవాలని ఉంటుంది. పెద్దలకు ఆ పేరు వినగానే చేయి జేబు మీదికి పోతుంది. "ఉయ్యాల ఊగి రావడానికి ఇంత డబ్బా?" అని తండ్రి, "అందరూ పోతున్నారు గదా!" అని కొడుకు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. అందుచేత ఈ నెల మేము ఉపదేశం జోలికి పోక లెక్క చెప్పదలచుకున్నాము.

వినోదమంతా వృథా ఖర్చే అనే వాదం మాకు సమ్మతం కాదు. ఇరుకు గదులలో పెరిగే పిల్లలకు ఏడాదికొకసారి మనసారా కేకలు వేసే చోటు కావాలి. నిజాం రాజ్యపు పల్లెలనుంచి వచ్చి ఈ నగరానికి ఇండ్లూ రోడ్లూ కట్టిన కామాటీల పేరే మన కామాటిపురకు నిలిచింది. ఆ కూలీలు కూడ ఊరి జాతరలో రంగులరాట్నం ఎక్కినవారే. తరువాతి తరంలో ఎందరో నూలు మిల్లులలో చేరారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెతో అనేక కుటుంబాలకు ఆ జీతం మళ్లీ రాకుండా పోయింది. ఏడేండ్లకు, 1989లో, గొరాయిలో ఎస్సెల్‌వరల్డ్ తెరచారు. దాని ప్రకటన పాట టీవీలో మోగని ఇల్లు లేదు. మన ఇండ్లలో చాలామందికి పాట తెలుసు, పార్కు తెలియదు.

ఆ పార్కు 2022లో మూతపడ్డది. దాని పక్కన 1998లో వచ్చిన నీళ్ల పార్కు వాటర్ కింగ్‌డమ్. ఇక ఖోపోలీ దగ్గర 2013లో తెరచిన ఇమాజికా నేడు మన కుర్రకారు నోట ఎక్కువగా వినిపించే పేరు. ఎక్కడికి పోవాలన్నది తరువాతి మాట. ఎవరెవరు పోగలరన్నది మొదటి మాట.

ఇట్టి యాత్రలలో జరిగేదేమంటే, నిర్వాహకులు పార్కు టికెట్టు కనుక్కుంటారు, బస్సు మాట్లాడుతారు, మొత్తాన్ని తలలతో భాగించి ఇంటింటికీ చీటీ పంపుతారు. మరునాడు ఒక పిల్లవాడు "ఆ రోజు నాకు పని ఉన్నది" అంటాడు. ఇంకొక పిల్ల "నాకు బస్సు పడదు" అంటుంది. వారికి పనీ లేదు, బస్సు పడకపోవడమూ లేదు. ఇంట్లో డబ్బు లేదు. ఆ మాట నోరు విడిచి చెప్పలేరు. పోయినవారు ఫోటోలు తెస్తారు, పోనివారు వాటిని చూస్తారు. ఒకే మెట్ల మీద పెరిగిన పిల్లల మధ్య ఆ రోజు ఒక గీత పడుతుంది. కలిపేందుకు పెట్టిన యాత్ర విడదీసిందంటే అది ఎంత చౌకగా ముగిసినా నష్టమే.

కనుక పద్దు తలకిందులుగా రాయాలి. జాబితాలో చివర మిగిలే పేరునుంచి మొదలుపెట్టాలి. ఒక లెక్క చూపుతాము. ఇందులోని అంకెలు లెక్క కోసం అనుకున్నవే; అసలు ధరలు మీరు కనుక్కుని వేసుకోవలె.

యువజనులు 40 మంది, వెంట పెద్దలు నలుగురు, వెరసి 44 మంది. టికెట్టు 1,000 చొప్పున 44,000 రూపాయలు. రైలు, ఆటో కలిపి మనిషికి 100 చొప్పున 4,400. భోజనానికి 150 చొప్పున 6,600. మందులకు, అనుకోని ఖర్చుకు 2,000. మొత్తం 57,000. దీనిని 40తో భాగిస్తే 1,425 అవుతుంది. మీరు 1,425 అని చెప్పకండి, 1,500 అని చెప్పండి. ఆ అదనపు 75 రూపాయలు 40 మందివీ కలిస్తే 3,000. నలుగురు పిల్లలు సగమే ఇచ్చినా, లేక ఇద్దరు ఏమీ ఇవ్వలేకపోయినా పద్దు సరిపోతుంది. దాత పేరు పలకలో రాయనక్కరలేదు, ఎవరికీ దండ వేయనక్కరలేదు. సినిమా టికెట్టుకైనా చాలని సొమ్ముతో నలుగురి మానం నిలుస్తుంది.

1,500 ఒక్కసారి తీయడం కష్టం. నెలకు 300 చొప్పున ఐదు నెలలు తీయడం అంత కష్టం కాదు. చీటీలు కట్టి పెండ్లిండ్లు చేసిన మనవారికి ఈ విద్య నేర్పవలసిన పని లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పుతాము. డబ్బు మూసిన కవరులో వసూలు చేయండి. ఎవరు ఎంత ఇచ్చినదీ ఒకే ఒక కోశాధికారికి తెలియాలి. వాడలో నోరు జారని పెద్దమ్మ ఎవరో మీకే తెలుసు; ఆ పని ఆమెకు అప్పగించండి.

సాయం కావలసినవారు నలుగురు కాక పన్నెండుగురు తేలితే ఏమి చేయాలి? అప్పుడు మార్చవలసింది పార్కును, పిల్లలను కాదు. మన వీధులనుంచి నడిచి పోగల దూరంలో బైకుల్లా రాణీబాగ్ ఉన్నది. దానికి బుధవారం సెలవు. వర్లీలో 1985లో తెరచిన నెహ్రూ సైన్స్ సెంటర్ ఉన్నది. ఈ రెండూ ఒక రోజులో చూసి, మిగిలిన డబ్బును వచ్చే ఏటి ఇమాజికాకు దాచుకోవచ్చు.

ఇక ఖర్చు తగ్గే దారులు. ఖోపోలీ ముంబైనుంచి సుమారు 115 కిలోమీటర్లు, లోకల్ రైలు పోయే ఊరే. నేరుగా పోయే బండ్లు తక్కువ. కర్జత్‌లో మారవలసి రావచ్చు, వేళలు ముందే చూసుకోండి. ఉదయం జనమంతా కోట వైపు వస్తుంటే మనం ఎదురు దిక్కున పోతాము, సాయంత్రమూ అంతే. అందుచేత తొక్కిసలాట తక్కువ. కామాటిపురవారు బైకుల్లాలో, వర్లీవారు దాదర్‌లో, కాపురం మార్చిన మనవారు కల్యాణ్‌లో బండిని కలుసుకోవచ్చు. ఖోపోలీ స్టేషనునుంచి పార్కు మరికొంత దూరం. ఆటోల బేరం ముందురోజే తెమిలి ఉండాలి. ఆదివారం పోయేటట్టయితే రైల్వేవారి మెగా బ్లాక్ ప్రకటన చూడక బయలుదేరవద్దు. సెలవులలో పనిదినం కుదిరితే టికెట్టు కూడ తక్కువకు దొరకవచ్చు.

పార్కువారికి సంఘం కాగితం మీద ఉత్తరం రాసి గుంపు ధర అడగండి. వెంట వచ్చే పెద్దలకు ఉచిత ప్రవేశం ఉన్నదేమో అడగండి. చెప్పిన ధరలో జీఎస్‌టీ కలిసి ఉన్నదా లేదా అని రాతలో తీసుకోండి. ఇట్టి పార్కుల టికెట్టు మీద 2017లో 28 శాతం వేసిన ఈ పన్నును 2018 జనవరిలో 18కి దించారు. దించిన పన్ను సయితం 44 మందికి పెద్ద మొత్తమే. చాలా పార్కులలో పిల్లల టికెట్టు వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది. గోడకు నిలబెట్టి ఇంట్లోనే కొలవండి. పెద్ద రాట్నాలకు కావలసినంత ఎత్తు లేక గేటు దగ్గర వెనక్కు మళ్లిన పిల్లవాడి ముఖం చూడవలసిన గతి పట్టదు.

జాతరలో ఎక్కినదానికే డబ్బు. 1955లో అమెరికాలో తెరచిన డిస్నీలాండ్‌లో కూడ తొలి రోజులలో ఆటకొక టికెట్టు ఉండేది. 1982లో ఆ పద్ధతి మాని రోజంతటికీ ఒకే టికెట్టు పెట్టారు. మన దేశపు పార్కులలో నేడు సాధారణమైనది ఈ రెండవ పద్ధతే. కనుక గంట ఆలస్యంగా పోతే ప్రతి ఒక్కరికీ గంట నష్టం. గేటు తీసే వేళకే అక్కడ ఉండండి. బయటి తిండి లోనికి తేనీయరు గనుక సర్వపిండి, పులిహోర రైలులోనే ముగించి, లోపల ఒక్కపూట భోజనం మాత్రం కొనండి.

లోపల రెండు కట్టుబాట్లు అందరికీ ఒకటిగా ఉండాలి. చేతి ఖర్చుకు ఒక హద్దు పెట్టండి; అంతకు మించి ఎవరి జేబులోనూ ఉండకూడదు. వరుసను దాటించి ముందుకు పంపే ప్రత్యేక టికెట్టు ఉంటుంది; దానిని ఎవరూ కొనరాదు. ముగ్గురు ముందుకు పోయి ముప్పయి ఏడుగురు ఎండలో నిలబడితే, మనం కవరుతో దాచినది అక్కడ బయటపడుతుంది.

ఆడపిల్లలను గూర్చి ఒక మాట. వారు ఆగిపోయేది తరచు డబ్బుకు కాదు, అనుమతికి. వెంట వచ్చే నలుగురు పెద్దలలో ఇద్దరు స్త్రీలై ఉండాలి. తిరిగి వచ్చే వేళ, ఫోను నంబరు రాసిన కాగితం ప్రతి ఇంటికీ పంపాలి. నీళ్ల పార్కులో నూలు బట్టలు ఒప్పుకోరు. అక్కడ అద్దెకు తీసుకుంటే అది వేరే ఖర్చు. తల్లి చూసి సరే అన్న నైలాను బట్టలు ఇంటినుంచే తీసుకుపోతే ఖర్చూ తగ్గుతుంది, సంకోచమూ తగ్గుతుంది.

తిరిగి వచ్చిన వారంలోగా జమాఖర్చు చాల్ నోటీసు పలక మీద అంటించండి. అందులో ఖర్చుల పద్దులుండాలి గాని ఎవరు ఎంత కట్టారన్నది ఉండకూడదు. మిగిలినది పది రూపాయలైనా దాని సంగతి అందరిలో తేల్చుకోండి.

మే నెలలో పోదలచినవారు డిసెంబరులో మొదటి 300 వసూలు చేయాలి. దానికంటె ముందు, ఈ నెలలోనే, ప్రతి వీధినుంచి ఇద్దరు యువకులూ ఇద్దరు యువతులూ కూర్చుని ఒక జాబితా రాయండి. పోగలవారి జాబితా కాదు. వీధిలో ఆ వయసు పిల్లలందరి జాబితా. అందులో ఒక్క పేరూ కొట్టివేయకుండా ఎంత దూరం పోగలమో, ఈ ఏటి మన పార్కు అంత దూరంలో ఉన్నది.