మ్యూస్లీ కొనాలా? ఇంట్లోనే కలుపుకుందాం



ఆహార సలహా కోసం మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మ్యూస్లీ తింటే ఆరోగ్యానికి మంచిదట కదా, ఏది కొనమంటారు?" షుగరు ఉన్న పెద్దలు, బరువు తగ్గాలనుకునే స్త్రీలు, స్కూలు బస్సు వచ్చేలోగా పిల్లలకు ఏం పెట్టాలో తోచని తల్లులు, అందరిదీ ఇదే మాట. నెల సరుకులలో మరొకటి తగ్గించుకొని ఈ డబ్బా కొనే కుటుంబాలు కూడా ఉన్నాయి. అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. మ్యూస్లీ మంచి ఆహారమే. కాని అది ఒక కంపెనీ సరుకు కాదు, ఒక కలిపే పద్ధతి. ఆ పద్ధతి తెలిస్తే మన వంటింట్లో ఉన్నవాటితోనే, తక్కువ ఖర్చుతో, మన నోటికి నచ్చేటట్లు కలుపుకోవచ్చు.

ఇది వైద్యుడు పెట్టిన వంటకం

మ్యూస్లీని ప్రపంచానికి పరిచయం చేసినది స్విట్జర్లాండు దేశపు వైద్యుడు మాక్సిమిలియన్ బిర్షర్ బెన్నర్ (1867-1939). ఆయన 1904లో జ్యూరిక్ నగరంలో ఒక ఆరోగ్య కేంద్రం తెరిచి, అక్కడి రోగులకు దీనిని వడ్డించేవారు. ఆల్ప్స్ కొండలలో పశువులు కాచుకునేవారు తినే సాదా ఆహారాన్ని చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. స్విస్ వారి భాషలో మ్యూస్లీ అంటే గుజ్జులాంటి చిన్న వంటకం అని అర్థం.

ఆయన పెట్టిన మ్యూస్లీలో ఏముండేదో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక పెద్ద చెంచాడు ఓట్స్‌ను ముందురోజు రాత్రే నీళ్ళలో నానబెట్టేవారు. ఉదయం అందులో సుమారు 200 గ్రాముల ఆపిల్ పండు తురిమి, కొంచెం నిమ్మరసం, ఒక చెంచాడు చిక్కటి డబ్బాపాలు, ఒక చెంచాడు బాదం వంటి గింజల పొడి కలిపేవారు. అంటే అందులో ఎక్కువ భాగం పండే, ధాన్యం కొంచెమే. పచ్చి ఆహారం గురించి ఆయన చెప్పిన సిద్ధాంతాలన్నిటినీ నేటి వైద్యం ఒప్పుకోదు. కాని పండు, తవుడు పోని ధాన్యం, గింజలు కలిపి తినడం మంచిదన్న మాట మాత్రం నిలబడింది. నేడు అంగళ్ళలో దొరికే తీపి డబ్బాలకు, ఆయన వడ్డించిన గిన్నెకు పోలిక తక్కువ.

డబ్బా వెనుక వైపు చదవండి

డబ్బా ముందు వైపు పండ్ల బొమ్మలు ఉంటాయి. అసలు సంగతి వెనుక వైపు చిన్న అక్షరాలలో ఉంటుంది. మన దేశపు నిబంధనల ప్రకారం ఏ పదార్థం బరువు ఎక్కువో దాని పేరు ముందు, తక్కువైనది తరువాత వేయాలి. మొదటి మూడు నాలుగు పేర్లలో చక్కెర, తేనె, బెల్లం, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ వంటివి కనబడితే అది ఫలహారం కంటే మిఠాయికే దగ్గర. తేనె అని రాసినంత మాత్రాన షుగరు రోగికి అది క్షేమం కాదు.

తరువాత పోషక విలువల పట్టికలో "కలిపిన చక్కెర" అన్న వరుస చూడండి. 100 గ్రాములకు 20 గ్రాములు అని ఉంటే, 50 గ్రాముల గిన్నెతో 10 గ్రాముల చక్కెర, అంటే రెండు చెంచాలు కడుపులోకి వెళ్ళినట్లే. తేనె, పండ్ల రసాలతో సహా ఇలాంటి చక్కెరను పెద్దవారు రోజుకు సుమారు 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఉదయం ఫలహారంలోనే అందులో దాదాపు సగం అయిపోతే మిగిలిన రోజు మాటేమిటి?

మన వంటింటి మ్యూస్లీ

ఒక కిలోకు మేము సూచించే కొలతలు ఇవి:

పెద్ద రేకుల ఓట్స్ 300 గ్రాములు
మందపాటి అటుకులు లేదా జొన్న అటుకులు 250 గ్రాములు
వేరుశనగ గుళ్ళు 150 గ్రాములు
పుట్నాల పప్పు 100 గ్రాములు
నువ్వులు 50 గ్రాములు
అవిసె గింజలు 50 గ్రాములు
ఎండుద్రాక్ష లేదా గింజ తీసి తరిగిన ఖర్జూరం 100 గ్రాములు

మసాలా కలిపిన ఓట్స్ పొట్లాలు దీనికి వద్దు, వాటిలో ఉప్పు ఎక్కువ. అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె వేయకుండా, సన్నని సెగ మీద ఒక్కొక్కటి విడివిడిగా వేయించండి. ఓట్స్ కమ్మని వాసన వచ్చేవరకు, అటుకులు వేళ్ళతో నలిపితే పటుక్కున విరిగేవరకు, నువ్వులు చిటపటలాడేవరకు చాలు. వేరుశనగ గుళ్ళు పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచండి. అవిసె గింజలు వేయించి పొడి చేయండి, పొడి చేయనిదే అవి సరిగా అరగవు. పుట్నాలు ముందే వేయించినవి కనుక కొంచెం వెచ్చచేస్తే చాలు. అన్నీ పూర్తిగా చల్లారాకే ఎండుద్రాక్ష కలిపి, తడిలేని గాజు లేక స్టీలు డబ్బాలో గట్టిగా మూతపెట్టండి. వేడి మీద మూత పెడితే చెమ్మ చేరి మెత్తబడుతుంది. ఒకేసారి ఎక్కువ చేయకండి, గింజలలోని నూనె వలన నిలవ వాసన వస్తుంది. మూడు వారాలకు సరిపడా చేసుకోండి.

ఖర్చు చూద్దాం. ధరలు ఊరిని బట్టి మారతాయి, అయినా పై సరుకులకు సుమారు 150 నుంచి 200 రూపాయలు అవుతుంది. ఒకరికి పూటకు 50 గ్రాముల చొప్పున 20 పూటలు వస్తుంది. అంటే పాలు, పండు కాక పూటకు 8 నుంచి 10 రూపాయలు. అంగట్లో పండ్లు, గింజలు కలిపిన మ్యూస్లీ కిలో 400 రూపాయలు దాటడం మామూలే. ఓట్స్ కూడా బరువనిపిస్తే వాటిని సగానికి తగ్గించి జొన్న అటుకులు పెంచండి. ఒక చెంచాడు వేయించిన రాగి పిండి కూడా కలుపుకోవచ్చు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన పొలాలలో పండేవాటిని వదిలి ఖరీదైన డబ్బాల వెంటపడనక్కరలేదు.

రుచి మాటేమిటి?

"ఇది చప్పగా ఉంటుంది, ఎలా తినాలి?" అని అడుగుతారు. తీపి పండుతో రావాలి, చక్కెరతో కాదు. అరటిపండు ముక్కలు, బొప్పాయి, జామ, ఏది చవకగా దొరికితే అది వేయండి. గోరువెచ్చని పాలు పోసి పది నిమిషాలు ఉంచితే పళ్ళు లేని పెద్దలు కూడా తినగలరు. లేదా రాత్రి పెరుగులో నానబెట్టి ఫ్రిజ్‌లో పెడితే ఉదయానికి మెత్తగా, కమ్మగా ఉంటుంది.

అయితే మనలో చాలామందికి పొద్దున్నే తీపి సహించదు. వారు ఎండుద్రాక్ష మానేసి, చిక్కటి మజ్జిగలో మ్యూస్లీ వేసి, ఆవాలు, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టుకోండి. పైన కీరదోస తురుము, కొత్తిమీర, చిటికెడు ఉప్పు. పెరుగు అటుకులు తిన్న నోటికి ఇది కొత్తగా అనిపించదు. మ్యూస్లీ తియ్యగానే ఉండాలని ఎక్కడా లేదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

షుగరు ఉన్నవారు చేత్తో గుప్పెడు వేసుకోక కొలిచి 40 గ్రాములు మాత్రమే తీసుకోండి. అటుకులు, ఎండుద్రాక్ష తగ్గించి పుట్నాలు పెంచండి. తిన్న రెండు గంటలకు షుగరు చూసుకుంటే మీ ఒంటికి పడుతుందో లేదో మీకే తెలుస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు ఫలహారం మార్చేముందు డాక్టరుతో చెప్పండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి గింజలు, ఎండుపండ్లలోని పొటాషియం, ఫాస్ఫరస్ హాని చేయవచ్చు. డాక్టరును అడగనిదే మొదలుపెట్టకండి. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, డాక్టరు చెప్పిన వ్యవధి, సాధారణంగా అరగంట నుంచి గంట, ఆగాకే తినండి.

ఐదేళ్ళలోపు పిల్లలకు గుళ్ళు, గింజలు అలాగే పెట్టవద్దు, గొంతుకు అడ్డుపడతాయి. మెత్తగా పొడి చేసి కలపండి. ఏడాదిలోపు పసివారికి తేనె అసలే వద్దు. వేరుశనగ పడనివారు దానిని మానేయండి. బూజుపట్టిన, నల్లబడిన, ముడుచుకుపోయిన గుళ్ళు పారేయండి. ఆ బూజు విషం కాలేయాన్ని పాడుచేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. అంత పీచుకు సుమారు 75 గ్రాముల ఓట్స్ కావాలి. పై కొలతలతో చేసిన 50 గ్రాముల మ్యూస్లీలో ఓట్స్ 15 గ్రాములే. కనుక మ్యూస్లీ తింటున్నామని కొలెస్ట్రాల్, బి.పి., షుగరు మాత్రలు దయచేసి ఆపకండి. ఇది ఆహారమే, మందు కాదు.

మరి ఇడ్లీ మానేయాలా?

అక్కరలేదు. రెండు మూడు ఇడ్లీలు, సాంబారు మంచి ఫలహారమే. పెసరట్టు, రాగి అంబలి, జొన్న రొట్టె, ఏవీ మ్యూస్లీకి తక్కువ కావు. ఇంట్లో వేళకు వండిపెట్టేవారు ఉంటే వాటినే తినండి. మ్యూస్లీ అవసరం వేరే చోట ఉంది. తెల్లవారకముందే పనికి వెళ్ళేవారు, హాస్టలు పిల్లలు, ఒంటరిగా ఉంటూ పొయ్యి వెలిగించే ఓపికలేని పెద్దలు, వార్డులో రోగి పక్కన రాత్రంతా కూర్చున్న బంధువులు, వీరిలో ఎందరో టీ బిస్కెట్లతో ఉదయం గడిపేస్తున్నారు. వారికి ఒక డబ్బా మ్యూస్లీ, కాస్త పెరుగు, ఒక అరటిపండు ఉంటే కడుపు నిండుతుంది.

సలహా ఇచ్చే మావంటి వారికి కూడా ఒక బాధ్యత ఉందని మేము నమ్ముతున్నాము. "ఇది తినండి" అని చెప్పేముందు "కొనగలరా?" అని అడగాలి. కొనలేని ఆహారం ఎంత మంచిదైనా ఆ రోగికి ఉపయోగపడదు. మీ ఇంట్లో ఇప్పుడు ఉన్న సరుకులేవో ఒక కాగితం మీద రాసుకొని, ఈసారి వచ్చినప్పుడు తీసుకురండి. వాటితోనే మీకు సరిపడే కొలతలు కలిసి చూద్దాము.